ఎర్రగీత దాకా నీళ్ళు

కొత్తదిబ్బ బడిలో లెక్కలు పొద్దున మొదటి గంట, సైన్సు సాయంత్రం ఆఖరి గంట. మధ్యలో తెలుగు, ఇంగ్లీషు, భోజనం. ఆ రెండు పాఠాలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా ఏళ్ళ తరబడి అలాగే నడిచాయి. హెడ్మాస్టరు శ్యాంబాబు గారు టైంటేబులు గుండ్రటి అక్షరాలతో రాసి, గోడకి ఆనించి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టారు. ఉప్పుగాలికి గోడ పెచ్చులూడిందిగాని టైంటేబులు మాత్రం చెక్కు చెదరలేదు.

కొత్తదిబ్బ దివిసీమ కొసన, హంసలదీవికి ఈవల, కృష్ణ పాయల మధ్య ఉన్న లంక. వంతెన లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నాంచారయ్య పంటు నడుస్తుంది. రెండు పడవలు పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, ఇంజను తగిలించిన బండి అది. మోటారు సైకిళ్ళూ, గడ్డిమోపులూ, రొయ్యల బుట్టలూ, పెళ్ళివారూ అంతా దాని మీదే. సముద్రం పోటు మీద ఉంటే పాయ నిండుతుంది, పంటు తేలుతుంది. పాటు తీసిందా, పంటు ఒండ్రులో కూర్చుంటుంది. అప్పుడు నాంచారయ్య చిన్న పడవ తీసి నలుగురైదుగురిని గెడ వేసుకుంటూ దాటిస్తాడు. దయామణి టీచరు అవనిగడ్డ నుంచి స్కూటీ మీద వచ్చి, రేవులో టీకొట్టు పక్కన బండి పెట్టి, పంటు ఉంటే పంటు, లేకపోతే పడవ ఎక్కి ఆ బడికి వస్తూ పోతూ ఉంటుంది.

ఆవిడ దగ్గర మూడు, నాలుగు, ఐదు తరగతులు. అన్నీ ఒకే గదిలో. పిల్లలు మహా అయితే పాతికమంది. సముద్రం వాళ్ళకి వాకిలి లాంటిది, దాని గురించి వాళ్ళకి కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు. వాళ్ళు చూడనిది రైలు. లెక్కల పుస్తకంలో మాత్రం ఎక్కడ చూసినా రైళ్ళే. ఒకరోజు, ఒక రైలు గంటకు నలభై కిలోమీటర్లు పోతే అని దయామణి లెక్క చెబుతుంటే, ఐదో తరగతి శ్రీలేఖ లేచి నిలబడింది. నాంచారయ్య మనవరాలు. తాత లాగే మాట తక్కువ, చూపు ఎక్కువ.

"అంత జోరున పోతుంటే గాలి ఎటు నుంచి కొడుతుందండీ?" అంది.

అది సైన్సు ప్రశ్న, సాయంత్రం అడుగు అనాలి లెక్క ప్రకారం. దయామణి అలా అనలేదు. ఎక్కి చూద్దాం అంది. బందరులో ఎక్కి గుడివాడలో దిగుదాం అంది. అన్నాక తనకే భయం వేసింది, ఎందుకంటే కిందటేడు జరిగింది గుర్తొచ్చింది.

కిందటేడు పిల్లల్ని మోపిదేవి గుడికీ, ఘంటసాల మ్యూజియానికీ తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి చీకటి పడితే కష్టమని, వెన్నెల ఉంటే ధైర్యమని, తల్లులూ శ్యాంబాబు గారూ కలిసి పున్నమి నాడు పెట్టారు. దయామణి ఇంట్లో గోడకి ఉన్నది చర్చి క్యాలెండరు, అందులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి తప్ప తిథులుండవు. సరేనంది. అయిదింటికి రేవుకొచ్చి చూస్తే పంటు పీటలా ఒండ్రులో కూర్చునుంది. అంతమంది పిల్లల్ని చీకట్లో చిన్న పడవలో విడతలుగా దాటించడానికి ఎవరికీ మనసొప్పలేదు. పులిహోర అయిపోయింది, నీళ్ళ సీసాలు అయిపోయాయి, చిన్నపిల్లలు ఏడుపు మొదలెట్టారు, శ్యాంబాబు గారి ఒక చెప్పు ఒండ్రులో దిగి మళ్ళీ పైకి రాలేదు. అవతల ఒడ్డున తల్లులు నిలబడి పేరు పేరునా కేకలు. నీళ్ళొచ్చి పంటు కదిలేసరికి ఎనిమిది దాటింది. వెన్నెల మాత్రం బ్రహ్మాండంగా కాసింది.

ఆ రాత్రితో తల్లులు ఒక మాట మీదికి వచ్చేశారు. పిల్లల్ని గుంపుగా పాయ దాటించేది లేదు. బడిలో వంట చేసే వీరలక్ష్మి, నాలుగో తరగతి ధనుష్ తల్లి, ఆ మాటని అందరి తరఫునా టీచరుతో చెప్పింది. "రైలు ఎక్కడికీ పోదు టీచరు గారూ. మా పిల్లలు పెద్దాళ్ళయ్యాక ఎక్కుతారు."

కాని ఐదో తరగతి వాళ్ళు ఈ జూన్‌లో అవతల ఒడ్డున హాస్టళ్ళకి చెదిరిపోతారు. ఒకరు నాగాయలంక, ఒకరు కోడూరు, ఒకరు బందరు. అందరూ కలిసి రైలెక్కేది ఉంటే ఈ మూడు నెలల్లోనే. మాటిచ్చిన మర్నాడు దయామణి పంటు మీద నిలబడి నాంచారయ్యని అడిగింది, పాటు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదా అని.

"తెలుసండి," అన్నాడు.

"ఎలా?"

"వచ్చేస్తే తెలుస్తుందండి."

మనిషి ఎగతాళి చేయడం లేదు. ఇవాళ్టి నీళ్ళు చూసి రేపటి సంగతి చెప్పగలడు. ఏ తిథికి ఎలా ఉంటుందో ఉజ్జాయింపుగా తెలుసు. వచ్చే నెల ఫలానా తారీఖు సాయంత్రం ఇంతమంది పిల్లలతో పంటు కదులుతుందా అంటే మాత్రం చెప్పడు. నీళ్ళ విషయంలో మాటివ్వడం ఆ ఇంట్లో ఆనవాయితీ కాదు.

ఫోన్లో చూస్తే సరిపోలేదా అన్నారు శ్యాంబాబు గారు. చూసింది. ఫోన్లో ఉన్నది బందరు సముద్రం పోటు. అది పాయల్లో పడి, మడచెట్ల మధ్య ఒంపులు తిరిగి, కొత్తదిబ్బ రేవుకి వచ్చేసరికి ఎంత ఆలస్యమవుతుందో ఏ ఫోనుకీ తెలియదు. అందుకని పిల్లలచేతే కొలిపిస్తానంది. రోజూ నీళ్ళు చూడాలి, టైము రాయాలి, తీసివేతలు చెయ్యాలి, చంద్రుణ్ణి చూడాలి. లెక్కలూ సైన్సూ కలిపి ఒకే పాఠం.

శ్యాంబాబు గారు మంచివారు. జాగ్రత్త ఎక్కువ. "లెక్కలు లెక్కలేనమ్మా, సైన్సు సైన్సే. పులిహోర పులిహోరే, పాయసం పాయసమే. ఒకే విస్తట్లో వడ్డిస్తాంగాని కలిపి పిసుకుతామా?" అన్నారు. అన్నారేగాని వద్దనలేదు. టైంటేబులు వైపు ఒకసారి చూసి, మేకులు గట్టిగానే ఉన్నాయని నమ్మకం కుదిరాక, మీ ఇష్టం అన్నారు.

నీళ్ళ ఎత్తు కొలవడానికి ఒక కర్ర మీద గీతలు గీసి, రేవులో కదలని చోట కట్టమని పిల్లలకి చెప్పింది దయామణి. ధనుష్ వెదురు తెచ్చాడు, శ్రీలేఖ జానెడు జానెడుకి గీతలు పెట్టింది. ఇద్దరూ వెళ్ళి దాన్ని పంటుకి కట్టి వచ్చారు. లంకలో పంటు కన్నా కదలనిది వాళ్ళకి ఇంకోటి తెలియదు. తుఫాను గాలికి ఇంటి కప్పులు లేచిపోవడం చూశారు, గట్లు తెగడం చూశారు, ఇసుక దిబ్బలు ఒకచోట మాయమై ఇంకోచోట తేలడం చూశారు. పంటు మాత్రం ఏ పొద్దున లేచి చూసినా రేవులోనే ఉంటుంది.

రోజూ వచ్చి రాశారు. మూడు గీతలు. మర్నాడు మూడు. ఆ మర్నాడు మూడు. పంటు ఒండ్రులో ఉన్నప్పుడు సున్న, తేలినప్పుడల్లా మూడు. పోటు పెరుగుతున్నా మూడే, తగ్గుతున్నా మూడే. దయామణి రెండు రోజులు ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేసింది. తను చదువుకున్న సైన్సులో ఎక్కడో పొరపాటుందని అనుమానం కూడా వచ్చింది. అంతలో ఒకరోజు ధనుష్ పరుగెత్తుకొచ్చి ఐదు గీతలు వచ్చాయని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఏం జరిగిందని ఆరా తీస్తే నాంచారయ్య ఆరు గేదెల్ని అవతలికి దాటిస్తున్నాడని తేలింది.

మర్నాడు పొద్దున పంటు మీద వస్తూ, వెదురు పక్కనే నిలబడి, దయామణికి ఒక్కసారిగా వెలిగింది. నవ్వు ఆగలేదు. పక్కనున్న రొయ్యల వ్యాపారి ఆవిడకేమైందోనని కాస్త ఎడంగా జరిగాడు. పిల్లలు ఇన్నాళ్ళూ నీళ్ళని కొలవలేదు, గేదెల్ని కొలిచారు.

తప్పు తను చెప్పలేదు. వీరలక్ష్మి దగ్గర బియ్యం కడిగే పెద్ద బకెట్టు అడిగి తెచ్చి, అందులో ఒక మూత డబ్బా తేలేసి, డబ్బాకి గీతల పుల్ల అంటించింది. చెంబుతో నీళ్ళు పొయ్యమంది. పోశారు. పుల్ల చూడమంది. చూశారు. ఇంకా పొయ్యమంది. బకెట్టు నిండి పొర్లి గదిలోకి పారింది, పుల్ల మీద గీత మాత్రం కదల్లేదు. తర్వాత ధనుష్ వెళ్ళి డబ్బా మీద ఒక రాయి పెట్టాడు. డబ్బా మునిగింది, గీత పెరిగింది.

"గేదె," అన్నాడు.

గది గదంతా దొర్లి దొర్లి నవ్వింది. ఆ రోజు సైన్సు పొద్దున్నే జరిగిపోయింది. తేలడం, మునగడం, బరువు అన్నీ వచ్చేశాయి. ఒక్కో గేదెకి గీత ఎంత పెరుగుతుందో భాగహారం చేస్తామని ఐదో తరగతి వాళ్ళు పట్టుబట్టారు. నీళ్ళు తుడుస్తూ వీరలక్ష్మి, పాఠాలు చెప్పుకోండిగాని మా బకెట్టు జోలికి రాకండి అంది.

ఈసారి వెదురుని రేవు ఒడ్డున గుచ్చారు. తెల్లారేసరికి ఒండ్రు సగం మింగేసింది. చివరికి పనికొచ్చింది పాత కరెంటు స్తంభం. ఎప్పటిదో తుఫానులో తీగలు పోయి, సిమెంటు స్తంభం ఒక్కటే నీటి అంచున మిగిలిపోయింది. నాంచారయ్య పంటుకి వేసే ఎర్ర రంగు కొంచెం ఇచ్చాడు. మనుషులతో నిండుగా ఉన్న పంటు ఒండ్రు వదిలి తేలాలంటే నీళ్ళు ఎక్కడి దాకా రావాలో, తనే నడుం దాకా దిగి, వేలితో చూపించాడు. అక్కడ శ్రీలేఖ ఎర్రగీత గీసింది. ఇక చూడాల్సింది ఒకటే, పోటు ఎక్కుతూ ఎర్రగీతని ఎప్పుడు తాకుతుంది.

రేవు పక్క ఇళ్ళ పిల్లలు వంతులు వేసుకున్నారు. బడి వరండాలో కొత్తగా పరిచిన పలకలే గళ్ళ కాగితం అయ్యాయి. ఒక్కో వరస ఒక్కో రోజు. గోడ దగ్గర పలక తెల్లవారుజాము, మెట్టు దగ్గరిది సాయంత్రం. నీళ్ళు గీత తాకిన వేళకి ఒక ఆల్చిప్ప, కింద ఇంత మైదాపిండి ముద్ద పెట్టి అంటించడం. ఆ పలక మీదే సుద్దతో ఆ రోజు చంద్రుడి బొమ్మ. శ్యాంబాబు గారు మొదట్లో గొణుక్కుంటూ పక్కగా నడిచేవారు. తర్వాత ఆల్చిప్పలు తొక్కకుండా తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గెంతుతూ వెళ్ళడం అలవాటైపోయింది. పిల్లలు చూడనప్పుడు వంగి ఒక్కో ఆల్చిప్పనీ పరీక్షగా చూసేవారని వీరలక్ష్మి చెప్పింది.

పిల్లలకి తీసివేతలొచ్చు, గడియారం తీసివేతలు రావు. నిన్న తొమ్మిదీ ముప్ఫై, ఇవాళ పదీ ఇరవై, తేడా ఎంత అంటే ధనుష్ తొంభై నిమిషాలు అని ఠక్కున చెప్పాడు. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరూ అదే అన్నారు. పుస్తకంలో లెక్కయితే దయామణి ఎర్ర సిరాతో కొట్టేసేది. ఇక్కడ ఆ అవసరం రాలేదు. సరే, మీ లెక్క ప్రకారం రేపు పదకొండూ యాభైకి కదా, చూద్దాం అంది. మర్నాడు స్తంభం దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు ఎర్రగీత ఎప్పుడో దాటేసి, దాని మీద చేపపిల్లలు తిరుగుతున్నాయి. ధనుష్ తల గోక్కున్నాడు. గంటకి వంద నిమిషాలుండవని ఆ పిల్లలు ఆ రోజు మళ్ళీ ఎన్నడూ మరిచిపోకుండా నేర్చుకున్నారు.

తొంభై కాస్తా యాభైకి వచ్చింది. కొన్నాళ్ళు కాస్త ఎక్కువ, కొన్నాళ్ళు కాస్త తక్కువ, మొత్తానికి పోటు రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యం. వరండా మీద ఆల్చిప్పలు గోడ నుంచి మెట్టు వైపు ఏటవాలుగా నడిచాయి. మెట్టు అంచుకి వచ్చాక ఆగిపోతాయేమోనని మూడో తరగతి పిల్లలు దిగులు పడ్డారు. అంచుకి వచ్చిన రోజే గోడ దగ్గర ఇంకో ఆల్చిప్ప పెట్టాల్సి వచ్చింది. తెల్లవారుజామున ఒక పోటు, సాయంత్రం ఒకటి. కింద దిగిపోతున్న వరస పక్కనే పైనుంచి కొత్త వరస మొలిచింది.

చంద్రుడూ అంతే ఆలస్యంగా వస్తున్నాడని మొదట పట్టుకున్నది శ్రీలేఖ. రోజూ పలక మీద బొమ్మ వేయడానికి పెరట్లో నిలబడి ఎదురుచూసేది కదా. ఆ సాయంత్రం దయామణి పిల్లల్ని గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడమంది, అది సముద్రం. ధనుష్ నెత్తిన అన్నం పళ్ళెం బోర్లించుకుని చంద్రుడయ్యాడు. వాడు ఎటు నడిస్తే అటు వాళ్ళు ఒంగాలి. చంద్రుడు ఒక్కడే కదా, రోజుకి రెండు పోట్లెందుకు అని శ్రీలేఖ అడిగింది. రేపు చెబుతానంది దయామణి. ఇంటికెళ్ళి చదువుకుని వచ్చి, నాకూ సగమే అర్థమైంది అని ఆ సగమే చెప్పింది. మిగతా సగం పెద్ద క్లాసుల్లో మీరు తెలుసుకుని నాకు చెప్పండి అంది.

పలకల మీద నిండు చంద్రుడున్న వరస దగ్గర పిల్లలంతా ఆగిపోయారు. అక్కడ పొద్దున్న ఎనిమిదింటి పలక మీద ఆల్చిప్ప ఉంది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పలకలన్నీ ఖాళీ. పైగా ఆ రోజుల్లో పాటు బాగా లోతుకి తీస్తోంది. పున్నమి నాడు మధ్యాహ్నం నుంచీ పంటు అడుగంటి ఒండ్రులో కూర్చుంటుంది. వెన్నెల కోసం ఏరి కోరి పెట్టుకున్నది సరిగ్గా ఆ రోజే.

శ్యాంబాబు గారు ఆ పలకని చాలాసేపు చూశారు. "నా చెప్పు," అన్నారు మెల్లగా.

ఇక రోజు ఎంచుకోవడం తేలికైంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు ఆల్చిప్పలూ ఉన్న వరస కావాలి. అది ఏకాదశి దగ్గర పడింది. పక్షం తిరిగాక మళ్ళీ ఏకాదశికి అదే రావాలి. వచ్చే ఏకాదశి శనివారం. తెల్లారకముందే పంటు తేలుతుంది, మళ్ళీ సాయంత్రం అయిదున్నరకి తేలుతుంది. అదే తారీఖని దయామణి చర్చి క్యాలెండరులో కూడా గుండ్రంగా చుట్టింది.

తల్లులు ఒక్కసారిగా ఒప్పుకోలేదు. నాంచారయ్య సరే అంటే సరే అన్నారు. నాంచారయ్య సరే అనలేదు, కాదనలేదు. ఈ వచ్చే బుధవారం నీళ్ళు గీత దాకా ఎప్పుడొస్తాయో ఇప్పుడే చెప్పండి, చూద్దాం అన్నాడు. పిల్లలు లెక్క కట్టి చెప్పారు. ఓడిపోతే ఏమిస్తావని ధనుష్ అడిగాడు. మీరే అడగండి అన్నాడు. ధనుష్ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

"మాతో రైలెక్కాలి తాతా," అంది శ్రీలేఖ.

నాంచారయ్య పంటు వైపు చూశాడు. పెళ్ళికీ చావుకీ తప్ప ఆ పంటుని వదిలి ఎక్కడికీ వెళ్ళిన మనిషి కాదు. రైలు అంటే దూరం నుంచి కూత వినడమే. పంటు ఎవరు చూస్తారే అన్నాడు. నాన్న చూస్తాడు అంది.

బుధవారం ఊరు సగం రేవులో ఉంది. పిల్లలు చెప్పిన వేళకి నీళ్ళు గీతకి రెండు వేళ్ళ కింద ఉన్నాయి. నాంచారయ్య బీడీ వెలిగించాడు. బీడీ అయిపోయేసరికి నీళ్ళు ఎర్రగీతని తడిపాయి. పీకని ఒండ్రులో నొక్కి ఇంటికెళ్ళిపోయాడు. పందెం ఒప్పుకోలేదేమోనని పిల్లలు బెంగపడ్డారు. సాయంత్రం ఆయన కోడలు పెట్టెలోంచి పెళ్ళినాటి తెల్ల చొక్కా తీసి ఉతికి తీగ మీద ఆరేసింది.

అప్పుడు శ్యాంబాబు గారికి ఒక సందేహం వచ్చింది. ఎర్రగీత లంక వైపు ఉంది. తిరిగొచ్చి నిలబడేది అవతల ఒడ్డున. అక్కడ గీత ఏది? ఎవరూ అడగకముందే తనే రంగు డబ్బా పట్టుకుని చిన్న పడవలో అవతలికి వెళ్ళారు. లంక వైపు నీళ్ళు గీతని తాకగానే పిల్లలు ఈల వేయాలి, అదే క్షణాన ఆయన టీకొట్టు వెనక రాతి మీద గీత గీయాలి. ఈల వినపడింది. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఒండ్రులో దిగి, రెండో గీత గీశారు. ఈసారి చెప్పులు ముందే ఒడ్డున విడిచారు.

శనివారం పొద్దున పంటు పిల్లలతో నిండుగా, ఒక్క కుదుపు లేకుండా పాయ దాటింది. వీరలక్ష్మి పులిహోర గిన్నె అందిస్తూ, ఏకాదశి నాడు ఉపవాసం ఉండి దీని వాసన పీల్చి చేశాను, వృథా చేశారంటే ఊరుకోను అని మరీ చెప్పింది. వ్యానులో బందరు దాకా పాటలే. స్టేషన్లో రైలు కనపడగానే పాటలు ఆగిపోయాయి. అంత పొడుగు వస్తువు నేల మీద వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

రైలు కదిలాక ధనుష్ చేతిలో దయామణి ఫోను పెట్టి, స్టేషనుకీ స్టేషనుకీ మధ్య టైము చూడమంది. ఈసారి ఎవరూ తొంభై అనలేదు. పెడన దాటుతుంటే కాలవ గట్ల మీద అద్దకం గుడ్డలు ఆరేసి ఉన్నాయి, ఎరుపూ నలుపూ పూలతో. శ్రీలేఖ జడకున్న రిబ్బను ఒకటి విప్పి కిటికీ ఊచకి కట్టింది. రైలు ఎటు మళ్ళినా రిబ్బను వెనక్కే ఎగురుతోంది. రైలు ఆగినప్పుడు మాత్రం పక్కకి వాలి ఇంకో వైపు ఊగింది. అది అసలు గాలి, ఇది రైలు చేసే గాలి అని తనలో తనే తేల్చుకుంది. నాంచారయ్య తెల్ల చొక్కాలో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గుడివాడ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగేముందు దయామణితో ఒక్క మాట అన్నాడు.

"దీనికి నీళ్ళక్కర్లేదండి."

గుడివాడలో వ్యాను ఎదురొచ్చింది. డ్రైవరు ఏలీయాకి ఇంటి దగ్గర పనుందట, గట్టిగా తోలాడు. దారిలో ఆగినా, తిన్నా, అయిదింటికే రేవు చేరిపోయారు.

పంటు ఒండ్రులో కూర్చునుంది.

సరిగ్గా కిందటేడు లాగే. ఒక పక్కకి ఒరిగి, పీటలా. అవతల ఒడ్డున అప్పుడే తల్లులు చేరుతున్నారు. దయామణికి లెక్క తెలుసు, గీత తెలుసు, అయినా కళ్ళ ముందు కనిపించేది ఒండ్రే. ఈసారి తప్పితే ఆ ఒడ్డున ఉన్న ఒక్క తల్లి కూడా మళ్ళీ తన మాట వినదు. పెదాలు కదలకుండా చిన్న ప్రార్థన చేసుకుంది. శ్యాంబాబు గారు తను గీసిన గీత వైపూ, ఆ గీతకి జానెడు కింద ఉన్న నీళ్ళ వైపూ, తన చెప్పుల వైపూ మార్చి మార్చి చూస్తున్నారు.

"ఇంకా టైముంది మాస్టారండీ, కూర్చోండి," అన్నాడు ధనుష్. అని రాతి పక్కన చతికిలబడి మిగిలిన పులిహోర తీశాడు. మిగతా పిల్లలూ కూర్చున్నారు. ఎవరూ ఏడవలేదు. నీళ్ళ వైపు కూడా పెద్దగా చూడలేదు. బస్సు స్టాండులో బస్సు కోసం కూర్చున్నవాళ్ళు ఎలా ఉంటారో అలా ఉన్నారు. వాళ్ళని చూసి దయామణి కూడా నీళ్ళ వైపు చూడడం మానేసింది. వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని చెయ్యి చాపితే ధనుష్ ఇంత పులిహోర పెట్టాడు.

నీళ్ళు వచ్చాయి. ముందు ఎండ్రకాయలు బొరియల్లోకి దూరాయి, తర్వాత ఒండ్రు మీద కాలి గుర్తులు నిండాయి, తర్వాత పంటు ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమని నిటారుగా లేచింది. నీళ్ళు గీతని తడిపాయి. పిల్లలు గోల పెట్టారు. అవతలి ఒడ్డు నుంచి తల్లులు కూడా గోల పెట్టారు. ధనుష్ ఒక్కడే ఫోను చూసి మొహం ముడుచుకున్నాడు. అయిదున్నరకి రావాల్సిన నీళ్ళు ముందే వచ్చేశాయి. లెక్క తప్పిందంటాడు.

వచ్చినందుకు సంతోషించరా అని శ్యాంబాబు గారు వాడి వీపు తట్టారు. వాడు వినలేదు. నాంచారయ్య చొక్కా గుండీలు విప్పి గాలికి ఎదురుగా నిలబడ్డాడు.

"దచ్చిన గాలి," అన్నాడు. "నీళ్ళని తోసింది."

ధనుష్ కళ్ళు విప్పారాయి. మరి మన ఆల్చిప్పల్లో గాలి లేదు కదా అన్నాడు. లేదు, పెట్టలేదు అంది దయామణి. శ్రీలేఖ జడ రిబ్బను మళ్ళీ విప్పి, అక్కడే గుచ్చి ఉన్న లంగరు గుంజకి ముడి వేసింది. రిబ్బను లేచి ఉత్తరానికి సాగింది. సోమవారం నుంచి దీన్ని కూడా రాద్దామండీ అంది.

పంటు కదిలింది. నాంచారయ్య తెల్ల చొక్కాతోనే ఇంజను పట్టాడు. శ్యాంబాబు గారు పిల్లల తలలు లెక్కపెట్టి, రెండోసారి కూడా లెక్కపెట్టి, ఆయన పక్కకి వచ్చి నిలబడ్డారు.

"నాంచారయ్యా, నీ దగ్గర మేకులు పీకే పటకారు ఉందా?"

"ఉందండి. ఎందుకండి?"

"బడిలో నాలుగు మేకులున్నాయి. పీకాలి."

దయామణి విననట్టు నీళ్ళ వైపు తిరిగింది. ఎదుటి ఒడ్డున వీరలక్ష్మి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వచ్చేసి నిలబడి ఉంది. పంటు ఆగకముందే కొడుకు చెయ్యి అందుకుని దించి, వాడి జుట్టు సవరించి, టీచరు వైపు చూసింది.

"అయితే టీచరు గారూ," అంది, "తల్లులని ఎప్పుడు ఎక్కిస్తారు?"